గాలి కరెంటుకు ఒక పాయింట్

బుధవారం రాత్రి, సత్తుపల్లి

దేశం గాలి కరెంటు మీద ఇంకా ఎక్కువ ఖర్చు పెట్టాలా వద్దా అని రేపు శ్రావణి స్కూల్లో డిబేట్. నా బిడ్డ పెట్టాలనే వైపు. బడి నుంచి రాగానే, ప్రాక్టీసుకి నన్ను ఎదురు వాదించమంది. ఓపెన్‌కాస్ట్ గనిలో డంపర్ నడిపేవాడికి బొగ్గు తరఫున మాట్లాడటం ఒకరు నేర్పాలా?

"మీ నాయనమ్మ వడ్లు తూర్పార పట్టనీకి చేట పట్టుకొని గాలి కోసం పొద్దంతా నిలబడేది. దేశం గట్ల నిలబడతదా?" అన్నాను. జవాబు కోసం అది రాసుకున్న కాగితాలన్నీ తిరగేసింది. సిగ్గు లేకుండా సంతోషపడ్డాను కూడా.

అంతలో గనిలో బ్లాస్టింగ్ సైరన్ మోగింది. రోజూ చేసేదే కదా, చేతులు వాటంతటవే గోడ మీది అద్దాన్ని దించి మంచం మీద పెట్టాయి. ఇల్లు అదిరింది. తలుపు పైన పగుల్లోంచి మట్టి రాలింది.

శ్రావణి అద్దాన్నే చూస్తోంది. "గాలిమరకైతే అద్దం దించే పని లేదు గదా నాన్నా. రేపు స్టేజీ మీద గిదే చెప్తా. చెప్తే నీ డ్యూటీకి ఏమన్న అయితదా?"

చూద్దాంలే అన్నాను. అదీ ఒక జవాబేనా? గని ఆఫీసర్ల పిల్లలదీ ఆ స్కూలే. వద్దనడానికి మనసొప్పలేదు, చెప్పమనడానికి ధైర్యం చాలలేదు. పొద్దున్నే మళ్లీ అడుగుతుంది.

పడుకుందామని వస్తే అద్దం ఇంకా మంచం మీదే ఉంది. తీసి గోడకు తగిలించాలి. చేతులు రావడం లేదు.