పన్నెండో కేసు

ఉమ్ అల్ క్వైన్, 2 జూన్ 2021

ప్రియమైన ఆదిలక్ష్మి మేడమ్ గారికి,

నవత నమస్కారాలు. పైపుల లారీతో చాంద్ బాషా అన్న మీ రువైస్‌కు వస్తున్నాడు. అతని చేతికి నా లాగ్‌బుక్ ఇచ్చి పంపుతున్నాను. పన్నెండు కేసుల్లో చివరిది కూడా రాసేశాను. నెలాఖరుకు మీరు ఉద్యోగం వదిలి కాకినాడ వెళ్లిపోతారు. ఈలోపు మీ సంతకాలు పడితే నా హెచ్‌ఆర్ రిజిస్ట్రేషన్ కాగితాలు వెళ్తాయి. పడకపోతే ఇంకో గురువును వెతుక్కుని రెండేళ్ల శిక్షణా మళ్లీ మొదలుపెట్టాలట.

చివరి కేసు ఇది. మా సిమెంటు ఇటుకల ఫ్యాక్టరీలో భోజన్న అని మెట్‌పల్లి వైపు కార్మికుడు. ఎనిమిది రోజులు హాజరు మిషన్‌లో అతని మొహం పడలేదు. రెండుసార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు. నియమం ప్రకారం, పని వదిలి పారిపోయాడని లేబర్ ఆఫీసులో పరారీ ఫిర్యాదు పెట్టాను. మా జిల్లావాడని చూడలేదని మా మేనేజరు, అదే మా ముదీర్, మెచ్చుకున్నాడు.

మొదటి నెలలో మీరు చెప్పిన మాట ఇప్పటికీ తప్పలేదు. ఖాళీ కాగితం మీద ఎవరి సంతకమూ తీసుకోలేదు.

మీ శిష్యురాలు,
నవత


రువైస్, 6 జూన్

చి. నవతకు,

పుస్తకం అందింది. అబుదాబి సరిహద్దులో కరోనా ముక్కు పరీక్ష కోసం బాషాను మూడు గంటలు నిలబెట్టారట. “బుక్కు జాగ్రత్త అని ఆ పిల్ల పదిసార్లు చెప్పింది మేడమ్, ఒళ్లో పెట్టుకుని తెచ్చినా” అన్నాడు.

పదకొండు కేసులకు సంతకం పెట్టాను. పన్నెండోదానికి పెట్టలేదు. అందులో నియమం ఉంది, మనిషి లేడు. అతని గదికి వెళ్లావా? పక్క మంచం మనిషిని అడిగావా? టైమ్‌కీపర్‌ని? ఫోన్ చేసింది ఉదయం పదింటికి అని నువ్వే రాశావు. ఆ వేళప్పుడు మిషన్ల దగ్గర ఎవరి జేబులో ఫోన్ ఉంటుంది?

కోపం తెచ్చుకోకు. వెళ్లి చూసి రా. మాగాయ సీసా పంపుతున్నాను. మూత గట్టిగా ఉంది, గుడ్డతో పట్టుకుని తిప్పు.

దీవెనలతో,
ఆదిలక్ష్మి


ఉమ్ అల్ క్వైన్, 11 జూన్

ప్రియమైన మేడమ్ గారికి,

కోపమే వచ్చింది. రెండు రోజులు సీసా మూత కూడా తీయలేదు. మూడో రోజు డ్యూటీ అయ్యాక కార్మికుల క్యాంపుకు వెళ్లాను.

భోజన్న గది బయట కూర్చుని బియ్యం కడుగుతున్నాడు. గుండు. మీసం లేదు. మే ఇరవైన వాళ్లమ్మ సమ్మవ్వ చనిపోయింది. కరోనా ఆంక్షల వల్ల ఇప్పుడు ఊరికి పోతే తిరిగి రానివ్వరు. అందుకని ఆ రోజే ఇక్కడ గుండు చేయించుకున్నాడు. పదో రోజు గది వెనక ఇసుకలో అన్నం ముద్ద పెడితే కాకి వచ్చి తిన్నదట. గుండు చేయించుకున్న మర్నాటి నుంచి మిషన్ అతన్ని గుర్తుపట్టలేదు. టైమ్‌కీపర్ రమీజ్ రోజూ అతను వచ్చినట్టు చీటీ రాసి ఆఫీసుకు పంపాడు. ఆ ఎనిమిది రోజుల చీటీలూ నా ట్రేలోనే ఉన్నాయి, సెలవు ఫారాల కింద. భోజన్న ఒక్క డ్యూటీ కూడా తప్పలేదు.

గేటు దగ్గర ఆ గుండు నేను చూశాను మేడమ్. తిరుపతి మొక్కేమో అనుకున్నాను. ఇక్కడ తిరుపతి ఎక్కడిది! తెలుగులో పలకరిస్తే పనులు అడుగుతారని తల దించుకుని వెళ్లడం అలవాటు చేసుకున్నాను.

పరారీ ఫిర్యాదు పడిందని చెప్పాను. “ఫోన్ల అరబ్బీల ఏదో మెసేజ్ అచ్చింది మేడం, దుకాణపోల్లదేమో అనుకున్న” అన్నాడు భోజన్న. పక్క మంచం రాజశేఖర్ నవ్వాడు. “పరారి అయిండట మా భోజన్న! రోజు నాకంటె ముందుగాల బస్సెక్కి కూసుంటడు.” భోజన్న కూడా నవ్వాడు. ఫిర్యాదు పెట్టింది నేనేనని చెప్పలేకపోయాను.

ముదీర్‌కు చెప్పాను. “ఖలాస్, అయిపోయింది. వెనక్కి తీసుకుంటే తప్పు మనదవుతుంది. అతన్ని ఇంటికి పంపేద్దాం” అన్నాడు. నాకేం తోచడం లేదు. ఇంకో కేసు రాసే వ్యవధి కూడా లేదు.

మీ,
నవత


రువైస్, 18 జూన్

నవతమ్మా,

ఎనిమిది చీటీలూ ముదీర్ ముందు పెట్టు. పనిలో ఉన్న మనిషిని పరారీ అని రాసినట్టు బయటపడితే కంపెనీకే జరిమానా అని చెప్పు. న్యాయం గురించి మాట్లాడకు. జరిమానా అంటే వింటాడు. వెనక్కి తీసుకునే కాగితం భోజన్నకు నువ్వే చదివి వినిపించు.

ఇక నీ సంగతి. సామాను కట్టేశాను, ఇల్లు కంపెనీకి అప్పగిస్తున్నాను. ముప్పైన విమానం. బాషా ఇంకొక్కసారే ఇటు వస్తాడు, అదీ వస్తేనే. అందుకని పన్నెండో కేసుకు కొత్త పేజీ ఒకటి ఖాళీగా ఉంచి, కింద సంతకం పెట్టి, పుస్తకంతో పాటు పంపుతున్నాను. ఏం రాసుకుంటావో నీ ఇష్టం. నేను అడగను. రెండేళ్లు కష్టపడ్డావు, అది పోకూడదు.

ఆదిలక్ష్మి


ఉమ్ అల్ క్వైన్, 25 జూన్

ప్రియమైన మేడమ్ గారికి,

ఫిర్యాదు పోయింది. జరిమానా అనగానే ముదీర్ “యల్లా, యల్లా, తీసెయ్” అన్నాడు.

కాగితం పట్టుకుని భోజన్న గదికి వెళ్లాను. ముందు, ఫిర్యాదు పెట్టింది నేనేనని చెప్పాను. “సదువు బిడ్డా” అన్నాడు అతను. చదివాను. “మల్లొక్కసారి సదువు.” మళ్లీ చదివాను. రాజశేఖర్‌ను పిలిచి అతనిచేత కూడా చదివించుకున్నాడు. అప్పుడు సంతకం పెట్టాడు.

“నీ మీద నమ్మకం లేక కాదు బిడ్డా. అమ్మ పోయిందని ఫోనొచ్చినప్పుడు సుత ముగ్గుర్ని అడిగినంకనే నమ్మిన” అన్నాడు.

మీరు సంతకం పెట్టిన ఖాళీ పేజీ తిప్పి పంపుతున్నాను. అడ్డంగా రెండు గీతలు కొట్టాను. పన్నెండో కేసు వేరే కాగితాల మీద రాశాను, ట్రేలోని చీటీలతో సహా, దించుకున్న తలతో సహా. చదవండి. పెట్టాలనిపిస్తేనే సంతకం పెట్టండి. మీరు వెళ్లేలోగా లారీ చేరకపోతే రెండేళ్లూ మళ్లీ మొదలుపెడతాను.

మాగాయ అయిపోయింది. సీసా ఖాళీగా తిప్పి పంపకూడదంటారు, ఖర్జూరాలు నింపాను.

మీ,
నవత


రువైస్, 29 జూన్

చి. నవతకు,

అది పరీక్ష కాదు. మేడమ్ నన్ను పరీక్షించారని ఎవరికీ గొప్పగా చెప్పకు. ముప్పై ఏళ్లలో మొదటిసారి ఖాళీ కాగితం మీద సంతకం పెట్టాను, నువ్వంటే ఇష్టం కొద్దీ పెట్టాను. నీ గీతలు తిన్నగా ఉన్నాయి.

బాషా గుమ్మంలో నిలబడి “చెక్‌పోస్టు కాడ లైను పెరుగుతాది మేడమ్, సంతకం గీకి ఇచ్చేయండి” అని తొందర పెట్టాడు. నాలుగు పేజీలున్నాయి, కూర్చోమన్నాను. కుర్చీలు కట్టేశాం కదా, అట్టపెట్టె మీద కూర్చున్నాడు. అంతా చదివాను. భోజన్న మాట దగ్గర ఆగి, మళ్లీ మొదటి నుంచి చదివాను.

అప్పుడు పెట్టాను.

ఆదిలక్ష్మి