అమ్మ పేరు పెట్టిన బోరు

2001 జూన్ 18
బడి తెరిచి వారం. ఏడో తరగతికి సైన్సు నేనే. అమ్మ పోయాక మొదటి పాఠం. మాట బాగానే వచ్చింది... ఎవరో చెబుతుంటే విన్నట్టు.

జూన్ 23
బోరు పడింది. ముందు వేసినవన్నీ దుమ్మే. ఈసారి నీళ్లు ఎగజిమ్మాయి. నాయన తడిసి ముద్దయ్యాడు. తొలి బిందె అమ్మ సమాధి మీద పోశాడు. "నీళ్లకు నడిచి నడిచి సచ్చిపోతివి. ఇంటికాడికే వచ్చినాయి సూడు." నాకు ఏడుపు రాలేదు. ఖాళీ బిందె నేను మోసుకొచ్చాను.

జూన్ 26
ఊరంతా మా బోరు దగ్గరే. తియ్యగా ఉన్నాయంటారు. తొట్టి గోడ మీద నాయన అమ్మ పేరు రాయించాడు — నారాయణమ్మ బోరు.

జూలై 4
పాఠం: మిశ్రమాలు, ద్రావణాలు. ఇసుక కలిపిన నీళ్లు గుడ్డలో వడగట్టాను. ఇసుక ఆగింది. ఉప్పు నీళ్లు వడగట్టి సుంకమ్మను రుచి చూడమన్నాను. "ఉప్పగానే ఉండాది టీచర్!" కరిగినదాన్ని గుడ్డ ఆపలేదు, అన్నాను. నవ్వింది. పళ్ల మీద గోధుమరంగు చారలు. పక్క ఊరి పిల్ల. ఆ ఊరి నీళ్లలో ఫ్లోరైడ్. వాళ్ల అవ్వ నడుము వంగిపోయి ఇక లేవలేదు.
మా నీళ్లు?

జూలై 7
సీసాలో మా బోరు నీళ్లు పట్టి అనంతపురంలో పరీక్షకు ఇచ్చి వచ్చాను. నాయనకు చెప్పలేదు.

జూలై 14
పరీక్ష చేసినాయన తల ఎత్తకుండానే — "ఫ్లోరైడ్ శానా ఉండాదమ్మా. తాగేకి పనికిరావు." మరగబెడితే? "నీళ్లు ఆవిరైపోతాయి. అది పోదు."
ఉరవకొండ దాకా బస్సులో కిటికీ పక్కన. ఏమీ అనిపించలేదు. ఇంటికొచ్చి ఆ నీళ్లతోనే అన్నం వండాను.

జూలై 16
చెప్పలేదు.

జూలై 17
చెప్పలేదు. తొట్టి దగ్గర ఒకామె చంటిదానికి దోసిలితో తాగిస్తోంది. చూస్తూ నిలబడ్డాను.

జూలై 19
తరగతిలో సుంకమ్మ లేచింది. "మీ బోరులోనూ కరిగింటాదా టీచర్, మా ఊర్లో మాదిరి? మా అమ్మ మీ బోరుకాడికే వస్తాంది."
ఉంది, అన్నాను. తాగొద్దు. ఇళ్లలో చెప్పండి.
గంట కొట్టేదాకా సుద్దముక్క చేతిలోనే ఉంది.

జూలై 20
పొద్దున తొట్టి దగ్గర ఎవరూ లేరు. నాయన గుమ్మంలో నిలబడి — "పిల్లోల్లకు చెప్పినావంట. నాకు చెప్పేకి నోరు రాలేదా?"
పుస్తకాల సంచి భుజాన వేసుకున్నాను.
"మీ అమ్మ పేరు పెట్టినానే దానికి..."

జూలై 21
నాయన తొట్టి దగ్గరికి వెళ్లాడు. నా ముందే చెంబెడు ముంచుకుని తాగాడు. వద్దనలేదు నేను. ఎందుకో తెలియదు.

జూలై 24
అమ్మ నడిచి వెళ్లిన పాత బావి నుంచి నీళ్లు తెస్తున్నాను. నా బిందె నాయన ముట్టడు. భుజం నొప్పి ఉంది. ఉందని తెలుస్తోంది, అంతే.

జూలై 28
వాన లేదు. చేన్లో వేసిన చెనిక్కాయ పైరు వాడిపోతోంది. నాయన మోటారు పక్కనే కూర్చున్నాడు. సద్ది తీసుకెళ్తే అన్నాళ్లకు నోరు విప్పాడు.
"చేనుకైనా పనికొస్తాయా? సదువుకున్నావు గదా, చెప్పు."
"వస్తాయి నాయనా."
లేచి మోటారు వేశాడు. సాళ్ల వెంట నీళ్లు పారుతున్నాయి.
వస్తాయో రావో... నాకు తెలియదు.