తారీఖు మార్చి చూడు, అక్కా

అక్కా,

నువ్వు పీకేసిన వైరు మళ్ళీ పెట్టాను. కంప్యూటర్ ఆన్ చేయగానే కింద కుడివైపు మూలన తారీఖు చూడు. ఎప్పటిదో పాతది కనిపిస్తే, దాని మీద రైట్ క్లిక్ చేసి ఇవాళ్టిది పెట్టు. బ్రౌజర్ మూసి మళ్ళీ తెరువు, సైట్లన్నీ బుద్ధిగా తెరుచుకుంటాయి. పొద్దున్నే నేను చేసి చూశాను.

"మీ కనెక్షన్ సురక్షితం కాదు" అని వచ్చేసరికి, బావ ఇందులో ఏదో పెట్టించి నిన్ను చూస్తున్నాడని వణికిపోయావు. ఎవరూ చూడట్లేదు. లోపల బిళ్ళంత బ్యాటరీ ఒకటి అయిపోయింది, అందుకే ఆపినప్పుడల్లా తారీఖు ఏళ్ళ వెనక్కి పోతోంది. ఆ తారీఖుకి ఈ సైట్ల గుర్తింపు పత్రాలు ఇంకా పుట్టనేలేదు కాబట్టి బ్రౌజర్ మొండికేస్తోంది. అంతకు మించి ఏమీ లేదు. సాయంత్రం కొత్త బ్యాటరీ తెస్తాను.

స్కూలు ఉద్యోగానికి దరఖాస్తు పంపడానికి ఇవాళే ఆఖరు. "నాకెవరిస్తారే" అని మళ్ళీ మొదలుపెట్టకు. ముందు పంపు, తర్వాత తీరిగ్గా అనుకుందువుగాని.

ఒక్కటి మాత్రం నాకు కష్టమనిపించింది. నిన్న తెర మీద దుప్పటి కప్పి, గడియ పెట్టుకుని ఒక్కదాన్నే కూర్చున్నానని రాత్రి చెప్పావు. నేను పనిచేసే మందుల షాపు రెండు వీధుల అవతలే కదా, ఒక్క ఫోన్ కొట్టొచ్చుగా?

షాపు తాళాలు నా దగ్గరే ఉన్నాయి, పరిగెడుతున్నా.

చెల్లి

మర్చిపోయా. బావ నిజంగానే గుమ్మంలోకి వస్తే తలుపు తియ్యకు, నాకు చెప్పు, షట్టర్ దించేసి వచ్చేస్తాను. దరఖాస్తులో ఇంటి అడ్రసు అడుగుతారు. ఆలోచించకుండా ఇక్కడిదే రాయి.