రొయ్యలకు పెట్టిన బలం

ఏవండీ,

మన కలిదిండిలో నిన్నటి నుంచి తొలకరి పడుతోంది. వాన నీళ్లు చెరువులో కలిస్తే రొయ్యలు నీరసిస్తాయని మీరు కంగారుపడే రోజులివే. ఇప్పుడా కంగారంతా మన సుజాతది. చెరువు చూసుకుంటున్నది అదే. పొద్దున్నే రొయ్యల బలానికని వెల్లుల్లి నూరి, బెల్లం నీళ్లతో మేతకు పట్టించి, అచ్చం మీలాగే వరండాలో నీడన ఆరబెట్టింది. తన తల మాత్రం వానకు తడిసే ఉంది. తుమ్ముతూనే బస్తాకెత్తుతోంది.

"అన్నం తిని వెళ్లవే" అన్నాను.

"మేత వేసొచ్చి తింటానమ్మా" అంది.

మీరూ రోజూ ఇదే మాట అనేవారు. తడి బట్టలతో గట్టు మీదే ఉండిపోయి, పొద్దున వండిన అన్నం సాయంత్రం తినేవారు. అలా నీరసించి ఉన్న ఒంటికే ఆ వానాకాలం జ్వరం వచ్చి, మిమ్మల్ని తీసుకుపోయింది.

అందుకే ఈసారి నేను బతిమాలలేదు. బస్తా పట్టుకుని, రొయ్యల గురించి మీరు పనివాళ్లకు చెప్పే మాటే దానికి చెప్పాను. "జబ్బొచ్చాక మందేస్తే లాభం లేదు. ముందు నుంచీ బలం పెట్టుకోవాలి."

అది బస్తా వదిలేసింది. తల తుడుచుకుని కంచం ముందు కూర్చుంది. వేడి అన్నంలో మిరియాల చారు రెండుసార్లు పోయించుకుంది.

మీ మాటతో ఇన్నేళ్లూ రొయ్యలు బతికాయండీ. ఇవాళ అమ్మాయీ విన్నది. విననిది మీరొక్కరే.

మీ
వరలక్ష్మి