పెరటికి కొలతలు

జూన్ 2, ఆదివారం

మా అమ్మాయి పెళ్ళికి ఒప్పుకుంది!

గబగబా రాస్తున్నాను. అక్షరాలు వంకరపోతే పోనీ. నలభై రెండేళ్ళ పిల్ల. పెళ్ళి మాట ఎత్తగానే “నాన్నా, ఫోన్ పెట్టేస్తున్నా” అనే పిల్ల. ఇవాళ తనే ఫోన్ చేసి, వాతావరణం సంగతి చెప్పినట్టు చెప్పేసింది. వరుడు కళ్ళజోళ్ళ షాపు ఆయన. అమ్మాయి కళ్ళజోడుకి ఒకే స్క్రూ ఏడాది పొడుగునా ఊడిపోతూ వచ్చిందట. ఆయనకి బిగించడం రాక కాదని నాకు ఇప్పుడు తెలుస్తోంది. బంగారంలాంటి అల్లుడు. ఇంకా చూడలేదు. అయినా బంగారమే.

హాలు వద్దంది. పెద్ద హాల్లో అందరూ తననే చూస్తూ కూర్చుంటే ఊపిరాడదట. మన పెరట్లో, దగ్గరవాళ్ళ మధ్య, రిజిస్టర్లో సంతకాలు, తర్వాత భోజనాలు. అంతే. ఇరవై మూడున ఇద్దరూ వచ్చి పెరడు చూస్తారు. కుదిరితే ఇక్కడే. కుదరకపోతే రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు పెట్టేసి, మాకు ఫోటో పంపిస్తారట. ఫోటో! కన్న కూతురి పెళ్ళి నేను ఫోనులో చూడాలా?

పైగా అప్పటిదాకా చుట్టాలెవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది.

పెరట్లో ప్రస్తుతం ఉన్నవి: పాడైన కుట్టుమిషన్లు, విరిగిన కుర్చీ, బట్టల తీగ, పేరు తెలియని ముళ్ళ కంప.

తీర్మానాలు:
ఒకటి, పెరడు తోట కావాలి.
రెండు, రోజూ పొద్దున్నే లేచి నేనే తవ్వాలి.
మూడు, నోరు కుట్టేసుకోవాలి. జీవితమంతా టైలరు పని చేసినవాణ్ణి, ఆమాత్రం కుట్టుకోలేనా.

జూన్ 3

పొద్దున్నే టేపు మెడలో వేసుకుని పెరటికి కొలతలు తీశాను. పెరటికి భుజాలు సమంగా లేవు. ఎడమ భుజం బాగా జారింది. వానపడితే నీళ్ళన్నీ అటే పోతాయి. పెద్ద కాగితం పరిచి సుద్దముక్కతో గీస్తుంటే మా ఆవిడ గుమ్మంలోంచి చూసి, నడుము కొలత మరిచిపోకండి అంది. అననీ. తోట అయ్యాక మాట్లాడతాను.

జూన్ 4

ముళ్ళ కంప పీకాను. దాంతోపాటు చొక్కా కూడా చిరిగింది. ఎంత హాయిగా ఉందో!

జూన్ 6

ఫోనులో తోటల బొమ్మలు చూస్తూ కూర్చున్నాను. రాళ్ళ తోట బాగుంది. నీళ్ళ తోట బాగుంది. అడవిలా వదిలేసిన తోట ఇంకా బాగుంది. ఏది బాగాలేదో చెప్పమంటే చెప్పలేను.

బావమరిది వచ్చి, మోకాళ్ళ నొప్పులు పెట్టుకుని ఈ తవ్వకాలేమిటి బావా అన్నాడు. ఊరికే అన్నాను. ఊరికే ఎవరైనా తవ్వుతారా అన్నాడు. చెప్పేశాను. ఒక్కడికే. వాడూ ఎవరికీ చెప్పనని ఒట్టు వేశాడు. సంతోషం పట్టలేక వెంటనే సలహా కూడా ఇచ్చాడు: తెల్ల ఇసుక పోసి, దువ్వెనతో దువ్వినట్టు గీతలు గీసి, మధ్యలో మూడు రాళ్ళు పెట్టాలట. చూస్తే మనసు నిమ్మళిస్తుందట. సరే అన్నాను.

జూన్ 8

కోడలు చేపల కొలను కావాలంది. సరే అన్నాను.
బాట వెయ్యడానికి కుదిర్చిన మేస్త్రి, తీగ పాకించే కమాను లేకపోతే తోటే కాదన్నాడు. సరే అన్నాను.
నర్సరీ ఆయన, ముళ్ళ మొక్కలైతే నీళ్ళు పొయ్యనక్కర్లేదన్నాడు. సరే అన్నాను. పీకిన ముళ్ళ కంప గుర్తొచ్చింది గానీ, అప్పటికే మొక్కలు బండిలోకి ఎక్కించేశాడు.

దుకాణంలో గిరాకీకి కాదని చెప్పి ఎరగను. పొట్టి చేతులన్నా సరే, పొడుగు చేతులన్నా సరే. అందరూ కలిసి ఒకే చొక్కా కుట్టించుకుంటే ఎలా ఉంటుందో ఇప్పుడే చూస్తున్నాను.

మేస్త్రి, నర్సరీ ఆయన ఎందుకింత తొందరని అడిగారు. చెప్పాల్సి వచ్చింది. వాళ్ళు చుట్టాలు కారు కాబట్టి ఒట్టు తప్పినట్టు కాదు.

జూన్ 10

ఆలోచించాను. కలగూరగంపే మంచిది! ముక్కలు ఎన్ని రంగులవైనా, అతుకు బాగుంటే బొంత అందంగా ఉంటుంది. మన తోటకి అతుకు కాలిబాట. వంటింటి గుమ్మం దగ్గర మొదలై, కొలను పక్కగా వంపు తిరిగి, వీధి గేటుకి చేరుతుంది. అల్లుడు గేటు వైపు నుంచి వస్తాడు, అమ్మాయి గుమ్మం వైపు నుంచి వెళ్తుంది, కమాను కింద కలుస్తారు. తలుచుకుంటే కళ్ళు చెమరుస్తున్నాయి. బాట కాగితం మీద గీసి మేస్త్రికి ఇచ్చాను.

జూన్ 13

కొలను తవ్వాం. చేపలు వదిలాం. కోడలు చప్పట్లు కొట్టింది.

జూన్ 14

కొలను కారింది. నీళ్ళన్నీ జారిన భుజం వైపు, అంటే బావమరిది ఇసుక లోకి పోయాయి. వాడు పొద్దంతా దువ్విన గీతలు బురదైపోయాయి. మూడు రాళ్ళలో రెండు మునిగాయి. వాడు దువ్వెన కడుక్కుని, మనసు నిమ్మళించడం లేదు బావా అని వెళ్ళిపోయాడు.

చేపలు మా ఆవిడ బట్టలు నానబెట్టే బకెట్లో ఉన్నాయి. బట్టలు ఎక్కడ నానబెట్టాలని అడుగుతోంది. న్యాయమైన ప్రశ్నే.

జూన్ 16

పొద్దున్న లేవలేదు. మబ్బు పట్టింది. మబ్బులో తవ్వితే మట్టి అంటుకుంటుంది.

జూన్ 17

ఎండగా ఉంది. ఎండలో తవ్వితే తల తిరుగుతుంది.

జూన్ 18

మోకాలు వాచింది. ఇది నిజం. మంచం మీదే ఉన్నాను. మేస్త్రి కిటికీ దగ్గరికొచ్చి, బాట ఒకసారి చూస్తారా మాస్టారూ అన్నాడు. కాగితంలో ఉన్నట్టే వేసెయ్యి అన్నాను. గోడవతల డ్రిల్లు టీచరమ్మ ఈ చప్పుడంతా ఏమిటని అరిస్తే, కిటికీలోంచే పెళ్ళి సంగతి చెప్పాను. ఆవిడ ఎప్పుడో రిటైరైంది గానీ మెళ్ళో విజిల్ మాత్రం తియ్యలేదు. వాళ్ళ పచ్చగడ్డి మీద పిల్లి నడిచినా ఊదుతుంది.

జూన్ 20

లేచి చూశాను. బాట పూర్తయింది. సిమెంటు గట్టిపడింది. వంటింటి గుమ్మం దగ్గర మొదలైంది, కొలను గుంట చుట్టూ అందంగా వంపు తిరిగింది, నేరుగా వెళ్ళి టీచరమ్మ గోడకి తగిలి ఆగింది. గేటు ఇటు. బాట అటు.

“మీరు గీసిందే వేశాను మాస్టారూ” అని మేస్త్రి కాగితం చూపించాడు. నిజమే. బట్ట మీద గీత ఎప్పుడూ లోపలి వైపే గీస్తాం. తర్వాత తిరగేస్తాం, అప్పుడు కుడి ఎడమవుతుంది, అన్నీ సరిపోతాయి. చేతికి పట్టిన అలవాటు. పెరటిని కూడా లోపలి వైపు నుంచే గీశాను. కానీ పెరటిని తిరగెయ్యలేం కదా.

జూన్ 22

ఏమీ చెయ్యలేదు. ముళ్ళ మొక్కలు మాత్రం హాయిగా ఉన్నాయి. మేకు దొరక్క కమానుని బట్టల తీగకి కట్టారు. తువ్వాలు ఆరేస్తే ఒరిగిపోతోంది. అమ్మాయికి ఫోన్ చేసి రావద్దని, ఆఫీసులోనే కానిచ్చెయ్యమని చెబుదామనుకున్నాను. ఫోన్ తీశాను. పెట్టేశాను. ఎన్నాళ్ళకి ఒప్పుకుంది. ఆ రెండు సంతకాలు నా కళ్ళముందు పడితే చాలనుకున్నాను. అదీ నా చేతులతోనే పాడుచేసుకున్నాను.

మా ఆవిడ మోకాలికి వేడి కాపడం పెట్టింది. ఏదైనా అంటేనే బాగుండేది.

జూన్ 23, ఆదివారం

వచ్చారు. అల్లుడు మెత్తటి మనిషి. నమస్కారం పెట్టి ఎటు చూడాలో తెలియక బాట చూసి, దాని వెంట నడిచాడు. మర్యాదగా చివరిదాకా వెళ్ళాడు. గోడ ముందు నిలబడి, కళ్ళజోడు తీసి తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూశాడు. గోడ అక్కడే ఉంది.

అమ్మాయి గుమ్మంలో నిలబడి ఒక్కొక్కటే చూస్తోంది. బురద ఇసుక. నీళ్ళులేని కొలను. ఒరిగిన కమాను. బకెట్లో చేపలు. బాట తప్పుగా పడిందమ్మా, ఆఫీసులోనే చేసుకోండి అన్నాను.

అంతలో గోడ మీద టీచరమ్మ తల లేచింది.

“ఏం బాబూ, ఇంతదూరం వచ్చి ఆగిపోయావేం?”

“దారి లేదండీ” అన్నాడు అల్లుడు.

“ఈ గోడ నాది. రేపు మేస్త్రి చేత ఇక్కడ మనిషి పట్టేంత తీయించండి అన్నయ్యగారూ. సంతకాలు నా గడ్డి మీద, భోజనాలు మీ వైపు. గడ్డి పెంచింది తొక్కడానికి కాదు. పెళ్ళికి మాత్రం తొక్కొచ్చు.”

అమ్మాయి నావైపు తిరిగింది.

“నాన్నా, ఈవిడకి ఎలా తెలుసు?”

“ఈవిడ చుట్టం కాదమ్మా.”

“మేస్త్రికి?”

“మేస్త్రీ కాదు.”

“మావయ్యకి?”

“మావయ్య అడిగాడు.”

నవ్వడం మొదలుపెట్టింది. గుమ్మం పట్టుకుని, కళ్ళజోడు ఊడిపోయేలా నవ్వింది. స్క్రూ మళ్ళీ వదులైనట్టుంది. అల్లుడు బాట వెంట పరుగున వెనక్కి వచ్చాడు.

“సరే నాన్నా, ఇక్కడే” అంది కళ్ళు తుడుచుకుంటూ. “ఇందులో నన్నెవరు చూస్తారు? వచ్చినవాళ్ళందరికీ ఈ తోట చూడ్డానికే పొద్దు చాలదు.”

ఇక చెప్పుకోవచ్చా అని అడిగాను. చెప్పుకో నాన్నా అంది.

జూన్ 24

మోకాలు తగ్గింది! పొద్దున్నే లేచి టేపు వేసుకున్నాను. తీర్మానం మళ్ళీ మొదటి నుంచి. ఈసారి రెండు పెరళ్ళు. గోడ తీసిన సందు పక్కన నిప్పు రంగు పూలు, కొలనుకి కింద కొత్త అస్తరు, ఎడమ భుజానికి మట్టి పోసి ఎత్తు. టీచరమ్మ గడ్డికి కూడా కొలతలు తీస్తుంటే విజిల్ వేసింది. పరవాలేదు, సగం తీసేశాను. గీత పై వైపు నుంచే గీస్తాను. చేపలకి కొత్త బకెట్ తెస్తానని మా ఆవిడకి మాటిచ్చాను.

తవ్వకానికి ముందు ఫోన్లు. చెప్పాల్సినవాళ్ళు:

పెద్దన్నయ్య. పిల్లకి పెళ్ళి కాదని పందెం వేసినాయన. మొదట ఈయనకే.
పిన్ని. ఏడుస్తుంది. పక్కన ఎవరైనా ఉన్నప్పుడు చెయ్యాలి.
మేనత్త కొడుకులు ముగ్గురూ. వేరువేరుగా. ఒకడికి చెప్పి మిగతావాళ్ళకి చెప్పమంటే అలుగుతారు.
బావమరిది. వీడికి తెలుసు. అయినా ఇప్పుడే తెలిసినట్టు ఆశ్చర్యపొమ్మని చెప్పాలి. దువ్వెన తెచ్చుకోమనాలి.
చిన్న మరదలు. ఈమెకి చెబితే మిగతా అందరికీ చెప్పినట్టే. అందుకే పైవాళ్ళందరి తర్వాతే చెయ్యాలి, లేకపోతే నాకు ఎవరూ మిగలరు.
మా అక్కయ్య. రెండు చెవులూ సరిగ్గా వినపడవు. గట్టిగా అరిచి చెప్పాలి. మూడు వారాలుగా దాచుకున్న గొంతంతా ఆవిడ కోసమే.