బిగిసిపోయిన మూత

ఏమండీ,

కూర పొయ్యి మీదే ఉంది, వేడి చేసుకోండి. ఉతికిన బట్టలు బకెట్లోనే ఉన్నాయి, మీరే ఆరేయండి. నాకు చేతులు పైకి లేవడం లేదు.

కాఫీపొడి సీసా మూత మళ్లీ బిగించేశారు. ప్లంబరు చేతులు మీవి, నిజమే, కానీ అది పైపు కాదు. పావుగంట దాంతో కుస్తీ పట్టి, కాఫీ లేకుండానే డ్యూటీకి పోతున్నాను.

నిన్న ఫోన్లో మీ అక్కయ్యతో "రిపోర్టులన్నీ బాగానే ఉన్నాయి, ఊరికే నొప్పులంటుంది" అన్నారు. విన్నాను. నా ఒళ్లునొప్పుల జబ్బు, ఈ ఫైబ్రోమయాల్జియా, రక్తపరీక్షలో కనబడదని డాక్టరమ్మ మీ ఎదుటే చిలక్కి చెప్పినట్టు చెప్పింది. ఎవరింట్లోనైనా గోడలోపల పైపు కారుతుంటే, పైకి చుక్క తడి లేకపోయినా చెవి ఆనించి పట్టేస్తారు. ఇంటివాళ్లు ఏమీ లేదన్నా వినరు. నా నొప్పికి మాత్రం మీకు కాగితం కావాలి.

సీసా బల్ల మీద పెట్టాను. మూత తీసి, వదులుగా పెట్టండి.

ఇంకో మాట. ఫోన్ పెట్టేశాక వచ్చి నా భుజం తట్టారు. అక్కడ ఇప్పటికీ సలుపుతోంది. తట్టడం మానకండి. మెల్లగా తట్టండి.