ఎనిమిది పండగ కార్డులు

అద్దంకి,
12-4-61

మా బంగారు తల్లి ఫాతిమాకి, నాన్న ఖాజావలి బోలెడన్ని దీవెనలతో రాసేది.

ఇక్కడ అందరం కులాసా. మన ఇంటికి పెంకు వేయిస్తున్నానమ్మా! ఇక వానొస్తే దూది బస్తాలు నెత్తిన పెట్టుకుని పరుగెత్తక్కర్లేదు. అటక మీది సామాను దించితే నంద్యాల సేటు పంపిన ఈద్ కార్డులు కనపడ్డాయి. ఎప్పుడో ఆయనకి పరుపులు కుట్టిచ్చాను, గుర్తుపెట్టుకుని ఏటా పంపేవాడు మహానుభావుడు. ఎనిమిది. ఈ ఏడే రాలేదు. ఉర్దూ మనకెక్కడ వచ్చు? లోపల ఉండేది పండగ మాటలే కదా అని, మసీదు బొమ్మని కళ్ళకద్దుకుని గుడ్డలో చుట్టి దాచేవాణ్ణి. ఇప్పుడు వాటిని పురుగు కొట్టేస్తోంది. మీ అమ్మ గుండ్లకమ్మ ఏట్లో కలపమంటోంది. నాకు చేతులు రావడం లేదు. మీ అత్తగారి దగ్గర ఉర్దూ నేర్చుకుంటున్నావుగా, ఇవేం చేయాలో నువ్వే చెప్పు. దీంతోపాటే పంపుతున్నా.

పండగనాడు మా అక్క జోహరాబీ గుర్తొచ్చి ముద్ద దిగలేదు. కూతురి పెళ్ళికి నేను పోలేదని అలిగి కంభం విడిచి వెళ్ళింది. తొమ్మిదేళ్ళు. ఎక్కడుందో!

నిన్నే తలచుకునే
నాన్న

గుంటూరు,
20-4-61

ప్రియమైన నాన్నకి, ఫాతిమా సలాములు.

ముందు కూర్చో నాన్నా. నంద్యాల ముద్ర చూసి నువ్వలా అనుకున్నావుగానీ, ఇవి సేటు పంపలేదు. అచ్చులో ఉన్నది ఈద్ ముబారక్ ఒక్కటే. మిగతాదంతా చేతిరాత. ప్రతిదాని కిందా జోహరాబీ అని ఉంది. అత్తకి రాయడం రాదుగా, ఉర్దూ వచ్చిన పక్కింటివాళ్ళ చేత రాయించిందట.

మొదటిదాంట్లో, "కూతురూ అల్లుడూ నంద్యాలకి మారారు, వాళ్ళ దగ్గరున్నాను. కోపం పోయింది తమ్ముడూ, రా" అంది. మూడోదాంట్లో, "ఏరా ఖాజా, కాళ్ళు పడిపోయాయా?" అంది. ఆ తరవాతి తిట్లకి మా అత్తగారు కొంగు నోటికడ్డం పెట్టుకుంది. కిందటేటిది మాత్రం రెండే ముక్కలు: "చూపు పోతోంది. ఇక పంపను."

చిరునామా తెలుగులో వేరే చీటీ మీద రాసి పెట్టాను. వెంటనే బండెక్కు నాన్నా.

నీ ఫాతిమా

నంద్యాల,
2-5-61

నా తల్లీ, నా బంగారు కొండా!

ఉందమ్మా! అక్క ఉంది! వినుకొండలో రైలెక్కింది మొదలు, స్టేషనొచ్చినప్పుడల్లా నంద్యాలేనా అని అడుగుతూనే ఉన్నా. గుమ్మంలో చెప్పులు విడిచి నిలబడ్డాను. "ఎవరయ్యా అది, మాట్లాడవేం?" అంది. "అక్కా" అన్నాను. చేతికర్ర వెతికిందమ్మా, కొట్టడానికి!

"ఎనిమిదేళ్ళు రాయించానే! చదివిపెట్టేవాడు మీ ఊళ్ళో ఒక్కడూ లేడురా?"

పండగ మాటలనుకున్నానని, కళ్ళకద్దుకున్నానని చెప్పాను.

"నా తిట్లు కళ్ళకద్దుకున్నావా!" అని పగలబడి నవ్వింది. నవ్వుతూనే నా మొహమంతా తడిమి, "ఇంత చిక్కిపోయావేంరా" అని భోరుమంది. నేనూ ఏడ్చాను. ఇంత హాయిగా ఎన్నడూ ఏడవలేదు తల్లీ!

కార్డులేం చేద్దామంటే పొయ్యిలో పెట్టమంటుంది, సిగ్గట. నేను ఒప్పుకోను. దాని మీదా పోట్లాడుకున్నాం, ఎంత బాగుందో!

శుక్రవారం అక్కని మనింటికి తీసుకొస్తున్నా. నువ్వూ అల్లుడూ వాటిని పట్టుకుని రండి. ఒక్కొక్కటీ పైకి చదువు. అక్క ఎదుట కూర్చుని, ఏ ఏటి తిట్లకి ఆ ఏటి జవాబు చెప్పుకుంటాను.

ఆనందం పట్టలేని
మీ నాన్న